అప్‌డేట్: లెక్కల క్లాసంటే విసుగుపడే ఎనిమిదో తరగతి పాప, దారి దొరికింది

క్లాసు లెక్కలు పది నిమిషాల్లో ముగించి ఖాళీగా కూర్చునే మా పాపను ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చాలా, డబుల్ ప్రమోషన్ అడగాలా అని జూన్‌లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఐఓక్యూఎం (గణిత ఒలింపియాడ్‌కు మొదటి అర్హత పరీక్ష) పాత పేపర్ల సలహా. 8 నుంచి 12 తరగతుల వాళ్లు రాయొచ్చు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, ఆప్షన్లు ఉండవు. మొదటి వారం ఒక్క లెక్కా రాక ఏడ్చేసింది. ఇప్పుడు ఒకే లెక్కతో రెండు రోజులు కుస్తీ పడుతుంది, అది చూస్తుంటే నాకెంత సంతోషమో! సైకాలజిస్టు కూడా లోపమేమీ లేదు, కష్టమైన పని కావాలంతే అన్నారు. ఐక్యూ టెస్ట్ అవసరం పడలేదు.

కూకట్‌పల్లిలో ఫౌండేషన్ డెమో చూశాం. పైతరగతి సిలబస్సే ముందుగా చెబుతున్నారు, వద్దనుకున్నాం. ఎన్‌టీఎస్‌ఈ (పదో తరగతి పిల్లలకు జాతీయ స్కాలర్‌షిప్ పరీక్ష) 2021లోనే ఆగిపోయింది, దాని కోసం వెతక్కండి.