అజాథయోప్రిన్ వాడేవాళ్లకు మెటబొలైట్ (మందు ఒంట్లో మారి తయారయ్యే పదార్థం) లెవెల్ చూడాలా, సీబీసీ (రక్తకణాల లెక్క) సరిపోతుందా?

పుత్తూరు మందులషాపు: అల్సరేటివ్ కొలైటిస్‌కూ లూపస్‌కూ రాసే, రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ ఒంట్లో సిక్స్-టీజీఎన్ అనే మెటబొలైట్‌గా మారుతుంది. అది ఎక్కువైతే తెల్లకణాలు పడిపోయి, చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికొస్తుందని పరిశోధనలు అంటున్నాయి. 80 కోట్ల ఎర్రకణాలకు 235 నుంచి 450 పికోమోల్స్ ఉండాలని లెక్క ఉంది కదా, అందరికీ చూస్తే ఏం పోయె?

తిరుపతి ఫిజీషియన్: డబ్బు పోతుందన్నా, పైగా ఉత్త ధీమా మిగులుతుంది. మనవాళ్లలో అసలు చిక్కు ఈ మందును ఒంట్లో అదుపులో పెట్టే ఎన్‌యూడీటీ15 జన్యువుతో. అందులో తేడా ఉంటే లెవెల్ నార్మల్‌గానే చూపిస్తుంది, కౌంటు మాత్రం నెల తిరక్కుండా కూలిపోతుంది. జుట్టు ముద్దలుముద్దలుగా ఊడుతుంటే ఆ రోజే మాత్ర ఆపి సీబీసీ చేయించాలి. మామూలుగానైతే మొదటి నెల వారం వారం, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన నెలకోసారి.

చిత్తూరు ల్యాబ్: సీబీసీ సరే, చదివేదెట్లా? మొత్తం తెల్లకణాలు 5200 చూసి "బాగుంది" అంటారు. అందులో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 20 శాతమే ఉంటే అవి 1040, అంటే తక్కువే. ఇంకోటి, పక్కన ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ నడుస్తుంటే అది న్యూట్రోఫిల్స్‌ను పైకి లేపి పెడుతుంది. స్టెరాయిడ్ తగ్గించేకొద్దీ అసలు కౌంటు బయటపడుతుంది. ఆ వారాల్లోనే చాలామంది సీబీసీ మానేస్తారు!

పుత్తూరు మందులషాపు: మరి అల్లోప్యూరినాల్ సంగతి? వెల్లూరులో అజాథయోప్రిన్, ఇక్కడ గౌటుకు అల్లోప్యూరినాల్, రెండు చీటీలు రెండు షాపుల్లో. ఆ జత కలిస్తే సిక్స్-టీజీఎన్ అమాంతం పెరుగుతుంది. అజాథయోప్రిన్ 100 మిల్లీగ్రాములు వాడేవాళ్లకు 25కు దించాలి. గౌటుకే వాడే ఫెబుక్సోస్టాట్‌కు మారిస్తే సరిపోతుందనుకోవద్దు, అల్లోప్యూరినాల్ అడ్డే ఎంజైమునే అదీ అడ్డుతుంది.

తిరుపతి ఫిజీషియన్: అది నిజం. కానీ ఆ తప్పు పట్టుకోవడానికి లెవెల్ ఎందుకప్పా, రెండు చీటీలూ పక్కపక్కన పెడితే చాలు. మందు పనిచేయకపోతేనో, లివర్ ఎంజైములు పెరిగితేనో లెవెల్ అడగండి. సిక్స్-టీజీఎన్, ఈ మందు నుంచే వచ్చే ఇంకో మెటబొలైట్ సిక్స్-ఎంఎంపీ, రెండూ సున్నా వస్తే మాత్ర మింగట్లేదని, సిక్స్-ఎంఎంపీ 5700 దాటితే లివర్ దెబ్బతింటోందేమో చూడాలని. కౌంటు బాగున్నా సర్పి రావచ్చు, కాబట్టి ఇన్ఫెక్షన్లన్నీ తెల్లకణాల లెక్కకే కట్టేయలేం. మొదలుపెట్టేముందు టీబీ చూడటం మాత్రం మరవొద్దు.

చిత్తూరు ల్యాబ్: ఖర్చు పెట్టేదుంటే ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్షకే పెట్టించండి, జన్మకొక్కసారి. టీటీ (జన్యువు రెండు ప్రతుల్లోనూ తేడా) వస్తే ఈ మందు జోలికే పోవద్దు, సీటీ (ఒక ప్రతిలోనే తేడా) అయితే తక్కువ డోసుతో మొదలు.

పుత్తూరు మందులషాపు: దానికి ఒప్పుకుంటా. సీసీ (తేడా లేదు) వచ్చినా జ్వరం 101 దాటితే అదే రోజు సీబీసీ, కౌంటు చేతికొచ్చేదాకా మాత్ర వేసుకోవద్దని కవరు మీద రాసిస్తా.