డ్యూటీ ఎలా మారినా నిలిచే తిండి పద్ధతి ఏదైనా ఉందా?

నాగావళి ఒడ్డు:

అందరికీ నమస్కారం. ఆర్టీసీలో కండక్టర్ని, ఉండేది శ్రీకాకుళం, వయసు 44. మొన్న మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే 6.2 వచ్చింది. 6.5 వచ్చినా, దాటినా షుగర్ అంటారట, అంటే గుమ్మం దాకా వచ్చిందన్నమాట. మా నాన్నకి ఎప్పట్నుంచో మాత్రలున్నాయి, అందుకే టెన్షన్ పట్టుకుంది.

డైట్లు తెలియక అడగటం లేదు. ఓట్సు, కొబ్బరినూనె డైటు, సాయంత్రం ఆరు దాటితే నోరు కట్టేసుకునే డైటు, మా డిపోలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. సంక్రాంతి వెళ్లేసరికి మళ్లీ పాత చొక్కాలే సరిపోతుంటాయి. నాకు ఒక వారం తెల్లారగట్ల డ్యూటీ, ఇంకో వారం పలాస నైట్ హాల్టు. ఆరింటికల్లా తినెయ్యమంటే ఆ టైముకి నేను టెక్కలి కాంప్లెక్సులో టికెట్లు కొడుతుంటాను. పోనీ నాకొక్కడికీ వేరే వంటంటే, మా ఇంటావిడ ఒక వారం చేస్తుంది, రెండో వారం వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలవుతుంది. ఆవిడ తప్పూ లేదు లెండి.

అన్నం మానకుండా, పదేళ్లయినా చెయ్యగలిగేది ఉంటే చెప్పండి. రోజూ చోడి (రాగి) అంబలి తాగితే చాలంటున్నారు, నిజమేనా?

బొబ్బిలి కోడలు:

తమ్ముడూ, మా ఆయన రైల్వేలో గార్డు. డ్యూటీల సంగతి నాకు చెప్పక్కర్లేదు. గడియారం చూసి తినే డైటు మీలాంటి వాళ్లకి కుదరదు, కంచం చూసి తినేదే కుదురుతుంది.

నేను చేసిందల్లా క్యారియర్ గిన్నెలు తారుమారు చెయ్యడం. ఇదివరకు అడుగు పెద్ద గిన్నెలో అన్నం కుక్కి, పైన చిన్నదాంట్లో కూర పెట్టేదాన్ని. ఇప్పుడు పెద్దదాంట్లో కూర, మధ్యదాంట్లో పప్పో ఉలవ గుగ్గిళ్లో, చిన్నదాంట్లో అన్నం. అవే బియ్యం, అదే పొయ్యి, ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. మొదట్లో "కూరలో అన్నం నంజుకోమంటావా?" అని ఒకటే గోల. తర్వాత అలవాటు పడిపోయారు.

రెండు సంగతులు. కూర అంత తినాలంటే ఉప్పూ నూనే తగ్గించి వండాలి, లేకపోతే ఇంకో రోగం. బీర, ఆనప, వంకాయ, గోరుచిక్కుడు, తోటకూర ఎంతైనా పెట్టుకోండి గానీ కంద, చేమ, బంగాళాదుంప కూర కింద లెక్క కాదు, అన్నం కిందే లెక్క. మా ఆయనకి 6.4 ఉండేది, ఏడాదికి 5.8కి దిగింది. పండగకి అరిసెలూ తింటారు, కాకపోతే పండగ వెళ్లాక డబ్బా ఇంట్లో ఉండనివ్వను.

రాజాం మాస్టారు:

చోళ్ల గురించి అడిగారు కాబట్టి. ధాన్యాల్లో కాల్షియంకి వాటికి సాటి లేదు, వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైమాటే. బియ్యంలో పదికి అటూ ఇటూ. పీచూ ఎక్కువే. కానీ పిండిపదార్థం చూస్తే చోళ్లలో సుమారు 70 గ్రాములు, బియ్యంలో 78. పెద్ద తేడా ఏముంది? పైగా మెత్తటి పిండితో పల్చగా కాచిన అంబలి త్వరగా అరిగి షుగర్ పెంచుతుంది, బెల్లం వేస్తే సరేసరి. మజ్జిగ కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని, అన్నానికి బదులుగా తాగండి. భోంచేసి ఆపైన గ్లాసుడు అంబలి తాగి "మిల్లెట్లు తింటున్నాం" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో చెప్పింది కూడా ఇదే. మనకి అందే కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదట. అందులో చిరుధాన్యాలూ కలిసే ఉన్నాయి. చెల్లెమ్మ క్యారియర్ ఆ లెక్కకి దగ్గరగానే ఉంది.

కవిటి కుర్రాడు:

అన్నా, మాది ఉద్దానం. షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా ఇక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి, కారణం ఇంకా తేలలేదు. మొదట్లో ఏ బాధా తెలియదు. అందుకని ఏ డైటైనా మొదలెట్టకముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకో. బాగుంటే అక్క చెప్పినట్టు కానియ్. తేడా ఉంటే పప్పు, ఉలవలు, ఆకుకూరలు, చివరికి కొబ్బరినీళ్లు కూడా ఎంతవరకన్నది డాక్టరే చెప్పాలి. జిమ్ముల్లో అమ్మే ప్రోటీన్ పొడి జోలికి మాత్రం పోకు. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీ చెంచా, అంటే 5 గ్రాములు దాటొద్దు. మెత్తళ్ల ఇగురు, ఆవకాయ కూడా ఆ చెంచాలోకే వస్తాయి.

నాగావళి ఒడ్డు:

అక్కా, మాస్టారూ, తమ్ముడూ, చాలా థాంక్స్. క్రియాటినిన్ ఈ వారమే చేయిస్తాను. క్యారియర్ సంగతి మా ఇంటావిడకి చదివి వినిపిస్తే, వేరే వంట అక్కర్లేదన్న మాట దగ్గరే ఒప్పేసుకుంది. మరి పలాస హాల్టు రోజు హోటల్ తిండికి ఏటి చెయ్యాలి? ఇంకోటి, ఉలవలు తింటే నాకు గ్యాసు. బస్సులో జనం మధ్య ఇబ్బంది.

బొబ్బిలి కోడలు:

హోటల్లో రెండు ఇడ్లీ, రెండు ఉడికించిన గుడ్లు. పెసరట్టు ఉంటే అది, ఉప్మా లేకుండా. పూరీ వైపు చూడొద్దు. ఉలవలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, గుడ్డలో మూటకట్టి మొలకలు వచ్చాక ఉడికించమనండి. మొదట గుప్పెడే తినండి. అది కూడా వీక్లీ ఆఫ్ రోజున మొదలెట్టండి.