నూరు పూలు సరే, ఆలోచనలు నూరా, వేయా?

కృష్ణాతీరం: "నూరు పూలు వికసించనీ, వేయి ఆలోచనలు సంఘర్షించనీ." చైనా నాయకుడు మావో నినాదంగా ఎన్నేళ్ళుగానో నోట నానుతున్న పంక్తి. మొన్న ఒకరు "నూరు ఆలోచనలు" అనే ఉండాలని పట్టుబట్టారు. ఈ వేయి ఎక్కణ్ణుంచి వచ్చింది?

పాళీ: చైనా మూలంలో రెండు చోట్లా నూరే. బాయ్ హువా, బాయ్ జియా. పైగా జియా అంటే ఆలోచన కాదు, సంప్రదాయం, దర్శనం. కన్ఫ్యూషియస్, మోజు, జువాంగ్జీ వంటి ప్రాచీన చైనా తాత్వికుల కాలపు వాదాలన్నిటికీ కలిపి ఆ పేరు. పూల మాటను మావో 1951లో ఒపేరా కళ గురించి రాసిచ్చారు. రెంటినీ జోడించి విధానంగా ప్రకటించింది 1956 మే 2న.

తుమ్మెద: వేయి పెట్టిన చెవి గొప్పది. "వికసించనీ", "వేయి": వి-వే యతి ఎంత హాయిగా కుదిరిందో చూడండి. నూరు పెడితే "నూరాలోచనలు" అయి నినాదం నలిగిపోతుంది.

పాళీ: "వేయి ఆలోచనలు" అని విడదీసి పలికే నోటికి "నూరు ఆలోచనలు" బరువా? మాత్రలు చూసినా నూరు, వంద, వేయి మూడింటికీ మూడేసే.

కృష్ణాతీరం: నూరు తర్వాత వేయి అనడం మన నుడికారం కాదా?

పాళీ: నన్నయ శకుంతల ఏమంది? "నుతజల పూరితంబులగు నూతులు నూటికంటె..." నూతి నుంచి బావికి, క్రతువుకు, సుతుడికి, చివరికి సూనృత వాక్యానికి ఎక్కుతుంది. ప్రతి మెట్టుకూ అదే నూరు. ఆ పద్యం బలమంతా అందులోనే ఉంది.

తుమ్మెద: అక్కడ నూళ్ళన్నీ దాటి ఒక్క సత్యాన్ని చేరాలి. ఇక్కడ పిలుస్తున్నది అనేకాన్ని. ఆ పద్యం ఈ వాదానికి సాక్ష్యం కాదు.

చెరువుగట్టు: అంకె కన్నా ఆ పూలకేమైందన్నది ముఖ్యం. 1957 ఫిబ్రవరి 27న మావో చేసిన ప్రసంగం జూన్‌లో అచ్చయ్యేసరికి సువాసన పూలేవో, విషపు కలుపేదో తేల్చే ఆరు కొలమానాలు అందులో చేరాయి. అప్పటికే విమర్శకులకు 'మితవాదులు' (రైటిస్టులు) అని పేరుపెట్టి వాళ్ళ మీద దాడి మొదలైంది. దాదాపు 5.5 లక్షల మందికి ఆ ముద్ర పడింది. నా అభిమాన చైనా కవి ఐ చింగ్ వారిలో ఒకరు. గులాబీలు మాత్రమే పెంచే తోటమాలికి మిగతా పూలు కలలోకి వచ్చి మొరపెట్టుకున్నట్టు 1956లోనే ఒక నీతికథ రాశారాయన! 1933లో జైల్లో ఉండి, తనను పెంచిన దాది మీద కవిత రాసిన మనిషి. ఆయన్ని హైలుంగ్జియాంగ్‌కు, తర్వాత షిన్‌జియాంగ్‌కు పంపారు. అక్కడి షిహెజీ ప్రాంతంలో మరుగుదొడ్లు కడిగించారు. ఆయన కవితలు మళ్ళీ అచ్చుకు వచ్చింది 1978లో.

తుమ్మెద: ఆ దాది కవిత తెలుగులో రావాలి. ఆమె పేరు కూడా సొంతం కాదు, ఊరి పేరే ఆమె పేరు. ఆ ఒక్క సంగతితోనే కవిత మొదలవుతుంది.

పాళీ: తప్పక రావాలి. కానీ వేయి సంగతి వదలను. మూలంలో "నీ" కూడా లేదు. చీ ఫాంగ్ అంటే కలిసి పూయడం, అంతే. "వికసించనీ" అనగానే అనుమతి ఇచ్చేవాడొకడు వాక్యంలోకి వచ్చి కూర్చున్నాడు.

తుమ్మెద: ఆ "నీ" లేకపోతే అది నినాదమే కాదు, తోట వర్ణన. ఉండాల్సిందే.

కృష్ణాతీరం: వేయిని మొదట ఎవరు వాడారో చూపించే పాత కరపత్రం ఎవరి దగ్గరైనా ఉందా?