కాలిపోయిన గుడిని మళ్లీ కడితే అది చారిత్రక కట్టడమేనా?

పాతగోడ:
అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్ 1868లో యూనియన్ పసిఫిక్ రైలుమార్గంతో పాటు పుట్టిన చిన్న ఊరు. అక్కడ చైనా కార్మికులు కట్టుకున్న జాస్ హౌస్ అనే గుడి 1922లో కాలిపోయింది. 1990లో అలాంటిదే ఇంకొకటి డిపో స్క్వేర్‌లో కట్టి మ్యూజియం చేశారు. నిన్నమొన్న కట్టినదాన్ని చారిత్రక కట్టడాల వరసలో పెట్టడం నాకు నచ్చలేదు. ఊళ్లో అసలుసిసలు రౌండ్‌హౌస్ ఉంది కదా! రైలు ఇంజిన్లను నిలిపి బాగుచేయడానికి 1912-14 మధ్య కట్టిన ఇటుక షెడ్డు, అర్ధచంద్రాకారంలో 28 గదులు. ఆవిరి ఇంజిన్ టర్న్‌టేబుల్ అనే తిరిగే వేదిక మీదికెక్కితే, ఆ వేదిక తిరిగి ఏ గది కావాలంటే ఆ గది ముందు నిలబెట్టేది. డబ్బూ శ్రద్ధా దానికే దక్కాలి.

బొగ్గుబండి:
రౌండ్‌హౌస్‌ను కాపాడాలన్న మాట నాదీనూ. కానీ రైలు కంపెనీ ఇటుకతో కట్టుకుంది, చైనా కూలీలు చెక్క ఇళ్లలో బతికారు. నిలిచిందే చరిత్ర అంటే చివరికి మిగిలేది కంపెనీ చరిత్రే.

రైళ్లకు బొగ్గిచ్చిన ఆల్మీ గనులు ఊరికి దగ్గర్లోనే ఉండేవి. 1881 పేలుడులో అక్కడ పోయిన 38 మందిలో 35 మంది చైనావాళ్లు. 1885 సెప్టెంబరు 2న అదే రాష్ట్రంలోని మరో బొగ్గుగనుల ఊరు రాక్ స్ప్రింగ్స్‌లో తెల్ల గని కార్మికులు కనీసం 28 మంది చైనావాళ్లను చంపి, ఇళ్లు తగలబెట్టారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు ఎవాన్‌స్టన్ చేరారు. వారం తిరిగేసరికి శాన్‌ఫ్రాన్సిస్కో పంపిస్తామని చెప్పి వాళ్లను గూడ్సు పెట్టెల్లోకి ఎక్కించారు. దిగి చూస్తే మళ్లీ అదే రాక్ స్ప్రింగ్స్! గనులు ఆగకూడదని సైన్యం కాపలాతో వెనక్కి తెచ్చారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండిపోతుంది. ఎవాన్‌స్టన్‌లో ఇప్పుడున్న డిపో, అంటే రైల్వే స్టేషను, 1900లో కట్టింది. ఆ పెట్టెలు కదిలిన నాటికి అది లేనే లేదు. మరి ఈ సంగతి ఏ గోడ చెప్పాలి?

పాతగోడ:
చెప్పాల్సిందే, కాదనను. దానికి ఒక శిలాఫలకం చాలు. పాతదానిలా కనిపించే గుడి కడితే, చూసిన పిల్లలు అదే అసలుదనుకుంటారు.

టికెట్‌కిటికీ:
శిలాఫలకం ముందు ఎంతమంది ఆగుతారండీ? గుమ్మం, పైకప్పు ఉంటే జనం లోపలికొస్తారు. ఆ ఊళ్లో చైనావాళ్లున్న పేట, చైనాటౌన్ తవ్వకాల్లో దొరికిన వస్తువులు కళ్లారా చూస్తారు. ఆ వస్తువులు నకలు కావు. పాతగోడ గారి భయంలోనూ న్యాయముంది. అందుకే గుమ్మం పక్కనే పెద్ద అక్షరాలతో రాయాలి: అసలు గుడి 1922లో కాలిపోయింది, ఇది 1990లో కట్టింది అని.

బొగ్గుబండి:
దానికి నేను సిద్ధం. ఆ బోర్డు మీదే గూడ్సు పెట్టెల సంగతి కూడా ఉండాలి, తేదీతో సహా.

పాతగోడ:
బోర్డుకు సరే. చారిత్రక కట్టడం అన్న పేరుకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. మ్యూజియం అనండి చాలు.