ఎక్సెస్, సర్‌ప్లస్, రిడండెంట్: అన్నిటికీ ‘అదనపు’ అంటే సరిపోతుందా?

అనువాదం_డెస్క్: ఎక్సెస్‌కీ సర్‌ప్లస్‌కీ కలిపి ‘అదనపు’ అని రాసేస్తున్నారు. తేడా ఎక్కడ పట్టుకోవాలి?

పదశోధన: అవసరం తీరాక మిగిలేది సర్‌ప్లస్, గీత దాటేది ఎక్సెస్. బడ్జెట్‌లో సర్‌ప్లస్ మిగులు, దాని ఎదురుమాట లోటు. విమానంలో 15 కిలోలకే అనుమతి ఉండి పెట్టె 18 కిలోలు తూగితే ఆ 3 కిలోలు ఎక్సెస్. వాటిని మిగులు అంటే అర్థమే లేదు.

భూమిపత్రం: మరి సీలింగ్ దాటిన భూమిని ‘మిగులు భూమి’ అంటాం కదండీ?

పదశోధన: మంచి ప్రశ్న. 1976 పట్టణ భూపరిమితి చట్టం వాడింది ఎక్సెస్ అన్న మాటే. యజమాని వైపు నుంచి చూస్తే అది పరిమితి దాటిన భూమి. పంచడానికి ప్రభుత్వం చేతికొచ్చాక సర్‌ప్లస్. భూమి అదే, చూసే చోటు మారింది.

వానలెక్క: వాతావరణ శాఖ లెక్కలో ఎక్సెస్‌కు కొలత ఉంది. సాధారణం కంటే 19 శాతం వరకు ఎక్కువ కురిసినా నార్మలే. 20 నుంచి 59 శాతం వరకు ఎక్సెస్, 60 నుంచి లార్జ్ ఎక్సెస్. దయచేసి ఎక్సెస్‌ను ‘అతివృష్టి’ అని రాయకండి. ఆ మాటలో పంట నష్టం ధ్వనిస్తుంది. ‘అధిక వర్షపాతం’ చాలు. శ్రుతిమించిందని తీర్పు చెప్పే మాట ఎక్సెసివ్.

సర్వర్‌గది: రిడండెంట్‌తో ఇంకా జాగ్రత్త. బ్రిటన్‌లో ఉద్యోగి రిడండెంట్ అయ్యారంటే ఆ పోస్టే తీసేశారని, ఆయన తప్పు చేశారని కాదు. సర్వర్లలో రిడండెంట్ పవర్ సప్లై అంటే ఒకటి పోతే ఆదుకునే రెండోది. దాన్ని ‘అనవసరమైనది’ అని తెనిగిస్తే చదివినవాళ్లు పీకేస్తారు! రెండింటిలో ఏ ఒక్కటైనా మొత్తం లోడు మోయగలగాలి, రెండూ వేర్వేరు యూపీఎస్ లైన్ల మీద ఉండాలి. ఒకే లైనుకు తగిలిస్తే ఆ లైను పోగానే రెండూ పోతాయి.

అనువాదం_డెస్క్: మరి సూపర్‌ఫ్లుయస్?

పదశోధన: అది నిజంగానే అనక్కర్లేనిది. ‘గేటు తలుపు’లో తలుపులాగా. పలికేటప్పుడు ఊనిక రెండో అక్షరం ‘పర్’ మీద పడాలి.

లండన్_తెలుగు: బ్రిటన్‌లో కారు బీమా తీసుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ ఎక్సెస్ అంటే క్లెయిములో మన జేబులోంచి పోయే వాటా. ఎక్సెస్ 250 పౌండ్లు, ఒప్పుకున్న రిపేరు ఖర్చు 1000 అయితే కంపెనీ ఇచ్చేది 750. ‘వాలంటరీ ఎక్సెస్’ పెంచితే ప్రీమియం సాధారణంగా తగ్గుతుంది, కానీ ‘కంపల్సరీ’ మొత్తం కూడా దానికి కలుస్తుంది. రెండూ కూడి చూసుకున్నాకే సంతకం పెట్టండి.