‘తమదైన శైలిలో విచారించగా...’ ఈ మాట సంగతేంటి?

డెస్కు పురుగు:
జిల్లా డెస్కులో పదకొండేళ్లుగా నేరవార్తలు దిద్దుతున్నాను. వారానికి నాలుగైదుసార్లయినా ఈ వాక్యం నా చేతిమీదుగా పోతుంది: ‘అనుమానితుడిని అదుపులోకి తీసుకుని తమదైన శైలిలో విచారించగా నేరాన్ని అంగీకరించాడు.’ కంట్రిబ్యూటర్ రాసి పంపుతాడు. నేను ఒత్తులూ పొల్లులూ చూసి పేజీలో పెడతాను. మొన్న ఇంగ్లిషు పత్రికలో పనిచేసే స్నేహితుడు ఫోన్ చేసి, దీన్ని ఇంగ్లిషులో ఎలా రాయాలిరా అన్నాడు. ఉన్నదున్నట్టు రాస్తే ఆ ఎస్సై ఏదో కచేరీ చేసినట్టు వస్తోందట. కొట్టారని రాస్తే, నువ్వు చూశావా అని వాళ్ల ఎడిటర్ అడుగుతాడు. చివరికి ఆ రెండు మాటలూ ఎత్తేసి పంపాడట.

అప్పటి నుంచి ఇది నన్ను వదలడం లేదు. తెలుగు చదివేవాడికి ఆ మాట ఠక్కున అర్థమవుతుంది, కాస్త నవ్వు కూడా వస్తుంది. రాసినవాడు మాత్రం కొట్టారని ఎక్కడా రాయలేదు. దీన్ని జాతీయం అనాలా, ముసుగు అనాలా? దీనికి సాటివచ్చే మాటలు మీకు ఇంకేమైనా తగిలాయా?

ఉత్తరాంధ్ర కుర్రాడు:
దేహశుద్ధి! ‘స్థానికులు దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించారు.’ పదిమంది కలిసి ఒకణ్ని చితకబాదితే దానికి పూజకి కూర్చునే ముందు వాడే మాట లాంటిది పెట్టారు. బడితెపూజ కూడా అదే వరస. అన్నీ దేవుడి గదిలోంచి తెచ్చిన మాటలే.

తెనాలి మాస్టారు:
శైలి అన్న మాట శీలం నుంచి వచ్చింది. స్వభావం, అలవాటు అని మొదటి అర్థం. కవులకి అంటగట్టింది తర్వాత. ఆ లెక్కన వార్త రాసినవాడు తెలియకుండానే నిజం రాశాడు, అది వాళ్ల అలవాటని.

నాకు అంతకన్నా పట్టింపు ఉన్నది ‘విచారించగా’లోని ఆ చివరి ‘గా’ మీద. వర్షం పడగా బయల్దేరాం అంటే, పడుతున్నప్పుడా, పడ్డ తర్వాతా, పడింది కాబట్టా? ఏదైనా కావచ్చు. ‘కొట్టినందువల్ల ఒప్పుకున్నాడు’ అని రాస్తే ఆ ఒప్పుకోలు విలువ పోతుంది. ‘విచారించగా ఒప్పుకున్నాడు’ అంటే పువ్వు విచ్చినట్టు నిజం దానంతటదే బయటపడిందనిపిస్తుంది.

ఇంకొకటి. నిందితుడు అన్న మాట చాలా నిజాయితీగల మాట. నింద పడ్డవాడు, అంతే. చేశాడని కాదు. వినాయకచవితికి ప్రతి ఇంట్లో చదువుకునే శమంతకమణి కథలో నిందితుడు సాక్షాత్తూ కృష్ణుడు. మణి కోసం ప్రసేనుణ్ని చంపాడని సత్రాజిత్తు ఊరంతా చాటాడు. కృష్ణుడు ఎవరినీ తనదైన శైలిలో విచారించలేదు. అడవికి పోయి సింహం అడుగులు చూశాడు, తర్వాత ఎలుగుబంటి అడుగులు పట్టుకుని గుహదాకా వెళ్లాడు. నీలాపనింద అని ఇవాళ్టికీ అంటాం. ఇంత కథ ఉన్న మాటని పత్రికలవాళ్లు దొంగకి పర్యాయపదం చేసేశారు.

ఓరుగల్లు వకీలు:
మాస్టారూ, నామవాచకం మంచిదే, దాని చుట్టూ ఉన్న క్రియలు కొంప ముంచుతున్నాయి. ముందు ‘అంగీకరించాడు’ సంగతి చూద్దాం. ఎవరి ముందు అంగీకరించాడు? పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని కోర్టులో ముద్దాయి మీద రుజువుగా వాడటానికి వీల్లేదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షను అదే చెప్పింది. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షను కూడా అదే చెబుతోంది. అతను చెప్పిన చోట కత్తో నగో దొరికితే, అది దొరకడానికి దారితీసిన ఆ ముక్క వరకే పనికొస్తుంది. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకుంటే వేరు. అక్కడ కూడా ‘నువ్వు ఒప్పుకోవాల్సిన పని లేదు, ఒప్పుకుంటే నీ మీదే వాడతారు’ అని ముందే చెప్పి తీరాలి. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టకూడదనే రాజ్యాంగం 20(3) అధికరణం ఊరికే లేదు.

అంటే మీరు మొదటి పేజీలో హెడ్డింగ్ పెట్టే వాక్యం మా కోర్టు హాల్లో గడప కూడా దాటదు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. జనం మాత్రం ‘ఒప్పుకున్నాడుగా, ఇంక కేసేంటి?’ అంటారు.

ఖాకీ ఇంటి మనిషి:
అందరూ ఒకటే పాట పాడుతున్నారు. మా అన్నయ్య హెడ్ కానిస్టేబుల్. కాల్ డేటా, సీసీ ఫుటేజీ తెచ్చి ముందు పెడితే చాలామంది నోరు విప్పుతారు, అదీ మా శైలే అంటాడు. ప్రతిసారీ లాఠీయే అనుకోవడం కూడా మీడియా నేర్పిందే కదా?

డెస్కు పురుగు:
అన్నా, ఒప్పుకుంటాను. అయితే కాల్ డేటా ముందు పెట్టి అడిగారని రాయొచ్చు కదా, ఇంకో నాలుగు మాటలేగా. అది రాస్తే మీ అన్నయ్యకి కూడా మంచి పేరు. ‘తమదైన శైలి’ అనగానే కొట్టనివాడి మీద కూడా కొట్టాడన్న నింద పడుతోంది. మాస్టారి లెక్కలో ఆయన కూడా నిందితుడే.

వకీలు గారు క్రియలన్నారు కాబట్టి మా డెస్కు గుట్టు ఒకటి చెబుతాను. పోలీసులు ప్రెస్‌మీట్ పెడితే ‘వెల్లడించారు’ అని రాస్తాం. నిందితుడి భార్య మాట్లాడితే ‘ఆరోపించారు’. వెల్లడి చేయడమంటే ఉన్నదాన్ని వెలుగులోకి తేవడం. అంటే ఒకరిది నిజమనీ ఇంకొకరిది పుకారనీ క్రియలోనే తేల్చేశాం. ఇద్దరూ ‘చెప్పారు’ అని ఎందుకు రాయకూడదో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక ‘24 గంటల్లో కేసు ఛేదించిన పోలీసులు’ అంటాం. చార్జిషీటు కూడా పడని కేసది. బడ్జెట్ ప్రవేశపెట్టినట్టు నిందితుణ్ని మీడియా ముందు ‘ప్రవేశపెట్టారు’ అంటాం. పేదవాడైతే అతడు, పలుకుబడి ఉన్నవాడైతే ఆయన. మొదటివాడికి కేటుగాడు, ప్రబుద్ధుడు, కీచకుడు అని బిరుదులు కూడా.

ఓరుగల్లు వకీలు:
అసలుది మరిచారు. ‘14 రోజుల రిమాండ్ విధించారు.’ తెలుగులో ఏమేం విధిస్తారు? శిక్ష, జరిమానా, పన్ను, కర్ఫ్యూ. రిమాండ్ శిక్ష కాదు, దర్యాప్తు జరుగుతుండగా మనిషిని ఎక్కడ ఉంచాలన్న ఏర్పాటు. విధించారనగానే ఊళ్లో వాడికి పద్నాలుగు రోజుల జైలుశిక్ష పడిందనుకుంటారు. బెయిల్ వస్తే ‘డబ్బిచ్చి బయటికొచ్చాడు’ అంటారు. దర్యాప్తుకీ విచారణకీ కూడా తేడా చెరిపేశారు. పోలీసులు చేసేది దర్యాప్తు, కోర్టు చేసేది విచారణ. ఇప్పుడు రెండిటికీ విచారణే. సగటు పాఠకుడికి ప్రెస్‌మీట్ రోజునే విచారణ అయిపోతుంది.

పాతబస్తీ పిల్లోడు:
ముద్దాయి సంగతి విన్నారా? ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. దావా, ముద్దయీ ఒకే ధాతువు. అవతలివాడు ముద్దాఅలైహ్. తెలుగులోకి వచ్చేసరికి ఫిర్యాదు చేసినవాణ్నే తీసుకెళ్లి బోనులో నిలబెట్టారు 😄 మా నాన్నమ్మ ఒక సామెత అనేది: ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్. ఫిర్యాదీ నీరసంగా కూర్చున్నాడు, సాక్షి మాత్రం యమ హుషారు. రాత్రి తొమ్మిదింటికి న్యూస్ పెట్టినప్పుడల్లా గుర్తొస్తుంది. పోయినవాళ్ల ఇంటివాళ్లు మౌనంగా ఉంటారు, యాంకర్ ఊగిపోతుంటాడు.

మాటల రచయిత:
నేను క్రైమ్ సీరియళ్లకి మాటలు రాస్తాను, కాబట్టి తిట్లకి సిద్ధపడే వచ్చాను. మా ఎపిసోడ్‌లో కథకి ఇరవై రెండు నిమిషాలు. పద్దెనిమిదో నిమిషంలో చెంపదెబ్బ, పంతొమ్మిదో నిమిషంలో ‘చెప్తాను సార్’, వెంటనే ఫ్లాష్‌బ్యాక్. ఆ ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడూ నిజమే. గమనించారా? దెబ్బతిన్నవాడు అబద్ధం చెప్పిన ఎపిసోడ్ ఒక్కటి కూడా నేను రాయలేదు. ఇది చదివాక తట్టింది, దెబ్బలకి తాళలేక చేయనిది ఒప్పుకునే వాళ్లుంటారని మా కథల్లో చోటే లేదు.

మిగతా తప్పులు చిన్నవి. డాక్టరు ‘రాత్రి పదకొండుంబావుకి ప్రాణం పోయింది’ అంటాడు. అసలు డాక్టర్లు ఇన్నిగంటల నుంచి ఇన్నిగంటల మధ్య అని ఒక అంచనా చెబుతారు. జడ్జి సుత్తి కొడతాడు. మన కోర్టుల్లో సుత్తి లేదు. సాక్షి భగవద్గీత మీద చెయ్యి పెడతాడు. 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఏ పుస్తకమూ అక్కర్లేదు, దేవుడి పేరు వద్దనుకుంటే మనస్సాక్షిగా చెప్పొచ్చు. ‘అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను’ ఒక్కటి మాత్రం సరిగ్గానే రాస్తాం.

మొదట్లో ‘పాత్రలన్నీ కల్పితం’ అని ఒక కార్డు, ‘వాస్తవ సంఘటన ఆధారంగా’ అని ఇంకో కార్డు. రెండూ ఒకే ఎపిసోడ్‌కి. మమ్మల్ని అంటారు గానీ, న్యూస్ చానళ్లలో ‘అసలేం జరిగిందంటే...’ అని మొదలుపెట్టి వేసే సీన్లు మా సీన్లకి తమ్ముళ్లే. ఊహాచిత్రం అని మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ‘అసలు’ అన్న మాట మాత్రం స్క్రీన్ నిండా.

బెజవాడ అక్క:
నవ్వుతూ చదువుతున్నాను గానీ ఒకటి గుర్తొచ్చి ఆగిపోయాను. 2007 డిసెంబరులో మా దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2008లో ఒక కుర్రాణ్ని పట్టుకున్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ పిల్ల తల్లిదండ్రులే ఇతను కాదని మొదటి నుంచీ అంటూ వచ్చారు. పాతబస్తీ తమ్ముడి సామెత ఇక్కడ తిరగబడింది, ముద్దయీలే వద్దంటున్నా విన్నవాళ్లు లేరు. ఇతనే చేశాడని నేను కూడా వీధరుగు మీద కూర్చుని పదిమందితో అన్నాను. టీవీలో చూశాను కదా అన్న ధైర్యం.

తెనాలి మాస్టారు:
అమ్మా, నేనూ అన్నాను.

డెస్కు పురుగు:
నిన్న రాత్రి సంగతి చెప్పి ఆపేస్తాను. బైక్ దొంగతనాల ఐటమ్ ఒకటి వచ్చింది, మూడు కాలమ్‌లు. మూడో లైన్లోనే తమదైన శైలి. తీసేసి, ‘నేరం ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు’ అని మార్చాను. కుర్రాడి ఇంట్లోవాళ్లు ఏమంటున్నారో కనుక్కున్నావా అని కంట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశాను. ‘దొంగ ఇంటికి వెళ్లి అడగడమేంటి సార్?’ అన్నాడు. ఎడిషన్ టైం దాటిపోతోంది, పోలీసుల మాట వరకే ఉంచితే ఐటమ్ సింగిల్ కాలమ్‌కి వచ్చింది. పొద్దున్నే అతనికి స్టేషన్ నుంచి ఫోనట, ‘మా వార్త ఎందుకింత చిన్నదైంది?’ అని.