సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు: ఒంటరిగా పిల్లలను పెంచుతూ ఉద్యోగం చేసే తల్లుల సమయం గురించి

ప్రశ్న: బైరాగిపట్టెడ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. నా భర్త పోయి మూడేళ్ళయింది. పాప ఆరో తరగతి, బాబు ఒకటో తరగతి చదువుతున్నారు. తిరుపతిలోనే ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఉదయం తొమ్మిదిన్నరకు వెళితే రాత్రి ఎనిమిదికి గానీ వదలరు; శ్రావణ మాసంలోనూ పెళ్ళి ముహూర్తాల రోజుల్లోనూ ఇంకా ఆలస్యమవుతుంది. మా అమ్మానాన్నలు పలమనేరు దగ్గర పల్లెలో పాడి ఆవుల మీద బతుకుతున్నారు కాబట్టి ఇక్కడికి వచ్చి ఉండలేరు.

నేను నాలుగున్నరకు లేస్తాను. నీళ్ళు పట్టి, వంట చేసి, ఇద్దరికీ క్యారియర్లు కట్టి, బాబుకు స్నానం చేయించి, పాపకు జడలు వేసి, ఎనిమిదింబావుకు బడి వ్యాను ఎక్కిస్తాను. ఉదయం ఎంత పరుగైనా నా చేతిలోనే ఉంటుంది. నాకు అందనిది సాయంత్రమే. నాలుగుకు బడి వదులుతారు, నాలుగూ ఇరవైకి మా పాపే ఇంటి తాళం తీస్తుంది. తాళంచెవిని నల్లదారానికి కట్టి మెడలో వేసుకుంటుంది. తమ్ముడికి పాలు కాచి ఇవ్వడం, వాడి చేత అక్షరాలు దిద్దించడం, ఆరుబయట ఆరేసిన బట్టలు మడతపెట్టడం అన్నీ తనే చూసుకుంటుంది. పోయిన వారం ఏడున్నరకు ఫోన్ చేసి, “అమ్మా, తమ్ముడు అన్నం తినకుండానే నిద్రపోయాడు, లేపమంటావా?” అని అడిగింది. వద్దులే అన్నాను. ఆ తరువాత ఒకే వరుస అంకెలను మూడుసార్లు కూడినా లెక్క కుదరలేదు.

ఇంతవరకు మూడుసార్లు టైంటేబుల్ రాసి బీరువాకు అంటించాను. ఏదీ వారం దాటి నిలవలేదు. లోపం ఆ కాగితంలో ఉందా, నాలో ఉందా? ఇంటికి రెండో పెద్ద మనిషి లేకుండా నెట్టుకొచ్చిన తల్లులు ఎలా చేశారో చెప్పండి. ఇంతకన్నా ముందు లేస్తే మాత్రం నాకు నిద్ర చాలదు.

జవాబు: చంద్రగిరి నుంచి, నర్సు ఉద్యోగం

చెల్లీ, లోపం నీలో లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు జీతం లేని ఆ పనికి ఇస్తున్నట్టు తేలింది. 299 నిమిషాలంటే ఐదు గంటలకు ఒక్క నిమిషమే తక్కువ. పిల్లలను చూసుకోవడానికి పట్టే సమయం అందులో కలపలేదు. నీ దుకాణానికి పదిన్నర గంటలు, ఇంటికి ఐదు గంటలు, నిద్రకు ఏడు గంటలు తీసేస్తే మిగిలేది గంటన్నర. రాకపోకలు, పిల్లలు, జ్వరం, అయిపోయిన గ్యాసు అన్నీ ఆ గంటన్నరలోనే సర్దుకోవాలి. అందుకే ఒక్కరోజు బాబుకు ఒళ్ళు వెచ్చబడితే నీ కాగితమంతా తలకిందులవుతుంది. పనులు తగ్గించుకోకుండా టైంటేబుల్ రాసి లాభం లేదని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

నా భర్త నుంచి విడిపోయి ఎనిమిదేళ్ళయింది, నా కొడుకు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. మూడు షిఫ్టుల ఉద్యోగం కాబట్టి నాకు ఏ రెండు వారాలూ ఒకేలా ఉండవు. వాడు చిన్నవాడుగా ఉన్నప్పుడు, డ్యూటీ డైరీ వెనక పేజీల్లో ఏడు రోజుల పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకున్నాను. వంటకే సమయమంతా పోతోందని అనుకునేదాన్ని. తీరా చూస్తే, ఏం వండాలా అని ఆలోచించడానికీ, తీరా పొయ్యి వెలిగించాక చింతపండో ఉప్పో లేదని అంగడికి పరుగెత్తడానికీ, బస్సు కోసం నిలబడడానికీ పోయిన సమయమే ఎక్కువగా ఉంది.

ఆ వారం తరువాత ఏ రోజు ఏ కూరో నిర్ణయించి గోడ మీద రాసిపెట్టాను, మా ఇంట్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. సోమ, గురువారాల్లో రాత్రికి సంగటి చేస్తాను. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి వేసి, మగ్గనిచ్చి, తెడ్డుతో కెలికి ముద్దలు కట్టేసరికి అరగంట పడుతుంది. నాలుగు ముద్దలు ఎక్కువ కడితే, మరునాడు ఉదయం చల్లలో పిసికి ఉల్లిపాయ నంజుకొని తినవచ్చు. ఆ రెండు ఉదయాలూ టిఫిను కోసం పొయ్యి వెలిగించే పని ఉండదు. చెనక్కాయల పొడి ఒకసారి దంచి పెట్టుకుంటే రెండు వారాలు వస్తుంది. దోసెల పిండి ఆదివారం రుబ్బి ఫ్రిజ్‌లో పెడితే బుధవారం దాకా ఆగుతుంది, ఎండాకాలంలో మాత్రం త్వరగా పులుస్తుంది.

బస్సు విషయంలో ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళ దగ్గర టికెట్ డబ్బు తీసుకోరు. నాకు నెలకు వందల రూపాయలు మిగులుతున్నాయి. అయితే ఒక బస్సు తప్పిపోతే తరువాతి దాని కోసం నిలబడాలి కాబట్టి, ఉదయం షిఫ్టుకు ఇప్పటికీ షేర్ ఆటోలోనే వెళతాను, వచ్చేటప్పుడు మాత్రం బస్సులో వస్తాను. డబ్బు మిగిలేది ఎక్కడో, సమయం మిగిలేది ఎక్కడో విడివిడిగా చూసుకో. ఒక్కొక్కసారి ఇరవై రూపాయలు పెట్టి అరగంట కొనుక్కోవడంలో తప్పు లేదు.

జవాబు: చిత్తూరు నుంచి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని

అమ్మా, నువ్వు నీ సమయం గురించి అడిగావు. నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందు మీ పాప సాయంత్రమే కదిలింది. నాలుగూ ఇరవై నుంచి ఎనిమిది దాటేదాకా ఆ బిడ్డ చేస్తున్నది తల్లి పని. తమ్ముణ్ణి చంకనెత్తుకొని పెరిగిన ఆడపిల్లలను నా తరగతుల్లో ఎందరినో చూశాను. ఆరో తరగతిలో వాళ్ళు అందరికన్నా బుద్ధిమంతులుగా, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాళ్ళుగా కనిపిస్తారు, మనమూ మెచ్చుకుంటాం. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి లెక్కల్లో వెనకబడతారు, ఎందుకని అడిగితే ఇంట్లో పుస్తకం తెరవడానికి వీలు కాలేదంటారు.

అందుకని ముందు ఆ నాలుగు గంటల సేపు పిల్లల దగ్గర ఉండడానికి ఒక పెద్ద మనిషిని చూడు. మీ వీధిలోనే ఒంటరిగా ఉండే అవ్వ ఎవరైనా ఉంటే ఊరకే సాయం అడగకు, నెలకు ఇంత అని మాట్లాడుకో. ఊరికే అడిగిన సాయం పండగ వస్తే ఆగిపోతుంది, మాట్లాడుకున్న డబ్బుకు ఇద్దరికీ కట్టుబాటు ఉంటుంది. తల్లికి వందనం పథకం కింద 2025లో ఒక్కొక్క బిడ్డకు 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడ్డాయి కదా. నీ ఇద్దరికీ కలిపి 26,000. బడి జరిగే పది నెలలకు పంచితే నెలకు 2,600 అవుతుంది. చదువు కోసం వచ్చిన డబ్బును పాప చదువుకునే సాయంత్రానికి ఖర్చు పెట్టడం నాకైతే న్యాయంగానే కనిపిస్తుంది. భర్త పోయిన వారికి ప్రభుత్వం ఇచ్చే 4,000 రూపాయల పింఛనుకు నీకు అర్హత ఉందేమో కూడా వార్డు సచివాలయంలో విచారించు, దానికి ఆదాయ పరిమితి ఉంటుంది.

ఇంకొక్క మాట, పాప చేత స్టవ్ వెలిగించకు. ఉదయమే పాలు కాచి ఫ్లాస్కులో పోసి వెళ్ళు.

జవాబు: పుత్తూరు నుంచి, కార్మిక చట్టాల పని చూసే ఉద్యోగి

మేడం గారూ, దుకాణంలో ఎంతమంది పనిచేస్తారో మీరు రాయలేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చి, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్న నియమం ప్రకారం 50 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు. అది చంటిపిల్లలకే ఎక్కువ ఉపయోగపడుతుంది, మీ పిల్లలు పెద్దవాళ్ళు. మీకు నేరుగా అక్కరకు వచ్చేది 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం. వారానికి ఒక రోజు సెలవు, నిర్ణీత గంటలు దాటిన పనికి రెట్టింపు రేటున వేతనం అందులో ఉన్నాయి. ముహూర్తాల రోజుల్లో ఆగిన గంటలను తేదీలతో సహా రాసి పెట్టుకోండి.

అయినా చట్టం పేరు ఎత్తకుండా మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. లెక్కలు రాసేవారు కౌంటరు మూసేదాకా ఉండవలసిన అవసరం చాలా దుకాణాల్లో లేదు. ఉదయం తొమ్మిదికే వచ్చి నిన్నటి బిల్లులు ముగిస్తాను, సాయంత్రం ఆరున్నరకు వెళతాను, రద్దీ రోజుల్లో ఉంటాను అని కాగితం మీద రాసి యజమానికి ఇవ్వండి. నోటిమాటగా అడిగితే అది దయగా మిగిలిపోయి, మేనేజరు మారగానే పోతుంది. కరెంటు బిల్లు, ఆదాయ ధ్రువీకరణ పత్రం వంటి వాటి కోసం సెలవు పెట్టకండి. 2025 జనవరిలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ సేవలో చాలావరకు ఫోనులోనే పూర్తవుతాయి.

ప్రశ్న అడిగిన తల్లి, పద్దెనిమిది రోజుల తరువాత

మీ అందరికీ కృతజ్ఞతలు. అక్క చెప్పినట్టు ఏడు రోజులు రాశాను. రాత్రి ఇంటికి వచ్చాక, చెప్పులు విప్పిన దగ్గర నుంచి అన్నం వడ్డించేలోపు గంటకు పైగా పడుతోందని అప్పటిదాకా నాకు తెలియదు. పాప పడుకునే వేళకు నేను ఇంకా గిన్నెలు తోముతూ ఉన్నానని ఐదు రోజులు వరుసగా రాసుకున్నాను. ఇప్పుడు రాత్రి గిన్నెలు నానబెట్టి వదిలేసి పిల్లల దగ్గర పడుకుంటున్నాను, ఉదయం నీళ్ళు పట్టేటప్పుడు తోముతున్నాను.

మా వీధి చివర ఇంటి అవ్వతో నెలకు 2,500 మాట్లాడుకున్నాను. నాలుగు నుంచి నేను వచ్చేదాకా పిల్లలు ఆమె వసారాలో ఉంటారు. మొదటి రోజు పాప అక్కడ కూడా తాళంచెవి మెడలోంచి తీయలేదట. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి ఆ నల్లదారం అవ్వ గోడకు ఉన్న మేకుకు వేలాడుతోంది, పాప ఎదురింటి పిల్లలతో వీధిలో ఆడుకుంటోంది. నన్ను చూసి కూడా ఆట ఆపి రాలేదు. అది చూసి నాకు ఏడుపు వచ్చింది.

యజమాని వారానికి నాలుగు రోజులు ఆరున్నరకు పంపడానికి ఒప్పుకున్నారు, శ్రావణంలో కుదరదన్నారు. తేలనిది ఒక్కటే. ఆదివారం బేరం ఎక్కువ కాబట్టి వారపు సెలవు మంగళవారమే ఇస్తామంటున్నారు, మంగళవారం పిల్లలకు బడి ఉంటుంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: చంద్రగిరి నర్సు

ఒప్పుకో చెల్లీ. నాకూ ఎన్నో ఆదివారాలు డ్యూటీ పడేది. పిండి రుబ్బడం, సరుకులు, బ్యాంకు పని, బట్టలు అన్నీ మంగళవారం పిల్లలు బడిలో ఉండగానే ముగించి, నాలుగుకు బడి గేటు దగ్గర నువ్వే నిలబడు. ఆదివారానికి అవ్వతో వేరే మాట్లాడుకో, ఆరోజు సాయంత్రం నువ్వు ఎంతకు వస్తావో ముందే యజమాని చేత చెప్పించుకో. శ్రావణం సంగతి మాత్రం ముందుగా ఆషాఢంలోనే అడుగు.